కొమ్మిసెట్టి మేడలో మేక, నిద్ర, నీటిబొట్టు

తిప్పరేవులో సముద్రం ఎప్పుడో రెండు మైళ్ళు వెనక్కి పోయింది. రేవు పోయింది, ఓడలు పోయాయి, సుంకాలు వసూలు చేసిన రాజులు పోయారు. పోనిది ఒక్కటే, కొమ్మిసెట్టి మేడ. ఆరొందల ఏళ్ళ నాడు కర్పూరం వ్యాపారం చేసిన సెట్టి కట్టించుకున్న ఇల్లది. ఇరవై నాలుగు టేకు స్తంభాలు, ఒక్కోటి ఇద్దరు చేతులు కలిపి పట్టుకుంటే గాని అందదు. అన్నీ బర్మా వైపు నుంచి ఓడల్లో దిగినవే. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా. నాలుగు పక్కలా మిద్దె లోపలికే వాలు. ఎంత కుంభవృష్టి అయినా నీళ్ళన్నీ నాలుగు మూలల రాతి మొసళ్ళ నోళ్ళలోంచి మండువాలోకి దూకి, నేల కింది తూములో పడి, పెరటి తొట్టికి చేరాల్సిందే. ఒక్క చుక్క గదిలోకి రాదు.

ఉత్తరపు పక్కన కప్పురపు కొట్టు. కిటికీ లేని గది, రెండు మూరల మందం గోడ, తలుపు వెనకాల ఇంకో తలుపు. కర్పూరం వ్యాపారికి వాసన బయటికి పోయిందంటే సరుకు పోయినట్టే కదా. ఆ గోడకి ముక్కు ఆనించి గట్టిగా పీలిస్తే ఇప్పటికీ కర్పూరం వాసన వస్తుందని కాపలాదారు పెంచలయ్య చెబుతాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వరసగా నిలబడి పీలుస్తారు. సగం మందికి వాసన వస్తుంది. రానివాళ్ళకి జలుబని పెంచలయ్య తీర్పు.

పెంచలయ్యకి పాతకట్టడాల శాఖవాళ్ళు ఖాకీ చొక్కా, ఈల ఇచ్చారు గాని, అతని అసలు పని ఆ రెండిటిలోనూ లేదు. వాళ్ళది సున్నపు పనివాళ్ళ వంశం. ఏటా వానలకు ముందు సున్నం ఊరబెట్టి, గానుగలో నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కలిపి మేడ మీద గచ్చుపూత వెయ్యడం తాతముత్తాతల నాటి నుంచి వాళ్ళ వంతు. అది సెట్టి పెట్టిపోయిన ఏర్పాటే. గుమ్మం పక్కన రాతి మీద చెక్కించాడు కూడా: ఏటా పూత వేసేవాడు నాకు కొడుకుతో సమానం, వేయనివ్వనివాడి నెత్తిన ఈ మేడే పడుగాక, అని. వ్యాపారస్థుడు గనక దీవెనా శాపమూ ఒకే రాతి మీద సర్దేశాడు.

ఆ ఏడు భాద్రపదంలో కప్పురపు కొట్టు మిద్దె మీద వెంట్రుకంత నెర్రె ఒకటి పెంచలయ్య కంటపడింది. నెల్లూరి సీమలో వానలంటే ఆశ్వయుజం, కార్తీకాలు. అప్పుడు వచ్చే వాయుగుండాలు పలకరించి పోయే రకం కాదు, చాప పరుచుకుని కూర్చునే రకం. నెర్రెలోంచి నీళ్ళు దిగితే గచ్చు కింద దూలం తడుస్తుంది. ఆరొందల ఏళ్ళు పొడిగా బతికిన టేకు దూలం ఒక్క కార్తీకం నానితే చాలు, ఆ గది అయిపోయినట్టే. అందుకని పెంచలయ్య గానుగ తిప్పి గచ్చు సిద్ధం చేశాడు, తాపీ కడుక్కున్నాడు, నిచ్చెన వేసి కాలు పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడు జీపు వచ్చింది.

జీపులోంచి దిగినాయన అనంతపద్మనాభం గారు. శాఖలో కొత్తగా వచ్చిన సంయుక్త సంరక్షణాధికారి. చంకలో ఫైలు, వెనక ఒక గుమాస్తా.

"సదరు తట్టలో ఉన్న పదార్థమేమి?" అన్నారాయన.

"గచ్చు సార్. మిద్దె మింద చిన్న నెర్రె పడుండాది. వానలొచ్చే లోపల ఒక పూత ఏస్తే..."

"సదరు నెర్రెను పూడ్చుటకు అనుమతి ఎవరిచ్చిరి?"

"దానికి అనుమతేంది సార్? మా నాయన ఏసినాడు, మా తాత ఏసినాడు..."

"అనగా మూడు తరములుగా ఈ కట్టడమును మార్చుచున్నారన్నమాట. గుమాస్తా గారూ, నోట్ చేసుకోండి."

గుమాస్తా చిదంబరయ్య నోట్ చేసుకున్నాడు. చేసుకోమంటే ఆయన ఏదైనా చేసుకుంటాడు.

జరిగిందేమిటంటే, ఆ మధ్య రాజధానిలో పెద్ద సదస్సు ఒకటి జరిగింది. పాతవాటిని బాగుచెయ్యడం మోసమనీ, పగులు కూడా చరిత్రేననీ, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే సంరక్షణ అనీ అందులో తేలింది. వెంటనే శాఖ 'యథాస్థితి మహోద్యమం' మొదలెట్టింది. ఏ కట్టడమైనా ప్రభుత్వం చేతికి వచ్చిన రోజు ఎలా ఉందో, ఇక ఎప్పటికీ అలాగే ఉండాలి. ఎలా ఉందో తెలిసేదెట్లా? ఆ రోజు గుమాస్తా రాసిన జాబితా ఉంటుందిగా. జాబితాలో ఉన్నది ఉండాలి, లేనిది ఉండకూడదు. జాబితాలో ఒక్క అక్షరం కొట్టేసినా నేరం. అది తొమ్మిదో నియమం.

అనంతపద్మనాభం గారు మండువాలో నిలబడి ఫైలు విప్పారు. మేడ ప్రభుత్వానికి వచ్చింది అరవైనాలుగులో, ఒక వాన రోజు మధ్యాహ్నం రెండున్నరకి. ఆనాటి గుమాస్తా ఈ చిదంబరయ్య తండ్రే. కంటికి కనిపించిందల్లా రాసే మనిషి, కనిపించనిది చచ్చినా రాయని మనిషి.

"అంశము ఒకటి, టేకు స్తంభములు ఇరువది నాలుగు. అంశము రెండు, రాతి మొసళ్ళు నాలుగు," అంటూ చదువుకుంటూ పోయి ముప్పై ఒకటి దగ్గర గొంతు సవరించుకున్నారు. "అంశము ముప్పది ఒకటి. మూడవ స్తంభమునకు కట్టబడిన నల్లమేక ఒకటి."

పెంచలయ్య మూడో స్తంభం వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"మేక ఏదయ్యా?"

"సార్, అది మా నాయనమ్మ మేక. నేను పుట్టకముందే కూర అయిపోయుంటది."

"ప్రభుత్వ వారసత్వ సంపదను కూర చేసుకొనిరా!" అనంతపద్మనాభం గారి ముఖం ఎర్రబడింది. "అంశము ముప్పది రెండు. అరుగుపై కుడిచేయి తల కింద పెట్టుకొని, నోరు తెరచి నిద్రించుచున్న మనిషి ఒకడు."

పెంచలయ్యకి నవ్వాగలేదు. "మా నాయనే సార్ అది. పొద్దున్నించీ పూత ఏసి, సద్ది తిని నడుం వాల్చుంటాడు."

"పూత అను మాట జాబితాలో లేదు. నిద్ర ఉన్నది. అంశము ముప్పది మూడు. ఉత్తరపు గది కప్పు నుండి బొట్టుబొట్టుగా కారు నీరు. దాని కింద ఇత్తడి గంగాళము ఒకటి." ఆయన కళ్ళజోడు తీసి పెంచలయ్యని చూశారు. "ఈ కారుట ఏమైనది?"

"మా నాయన నిద్ర లేచినాక మిగిలిన సగం పూత ఏసేసినాడు సార్. మళ్ళీ కారలా."

"అనగా యాభై ఏళ్ళకు పైగా ఒక రక్షిత నీటిబొట్టు కనిపించకుండా పోయినది. శాఖకు ఫిర్యాదు కూడా అందలేదు!" ఆయన ఆ గది కప్పు వైపు చూసి ఒక్కసారి మెత్తబడ్డారు. "అదృష్టవశాత్తు ఈ ఏడు నెర్రె మరల ఏర్పడినది. చరిత్ర తనను తానే సరిదిద్దుకొనుచున్నది. నిచ్చెన తీసివెయ్యి."

పెంచలయ్య నిచ్చెన తియ్యలేదు. గుమ్మం దగ్గరికి పోయి రాయి చూపించాడు. "సార్, సెట్టి ఏమన్నాడో ఈడ రాసుండాది గదా. ఏటా పూత ఎయ్యమన్నాడు."

అనంతపద్మనాభం గారు రాతిని భక్తిగా తడిమారు. "అంశము పదునాలుగు. శాసనము ఒకటి. దీనిని సంరక్షించుట మా విధి పెంచలయ్యా. పాటించుట మా పరిధిలోనికి రాదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సదరు పెంచలయ్యను కాపలా విధుల నుండి తప్పించి, అంశము ముప్పది రెండు కింద నిద్ర విధులలో నియమించడమైనది. పని వేళలు పది నుండి ఐదు వరకు. మధ్యలో అరగంట భోజన విరామము, ఆ సమయమున మెలకువగా ఉండవచ్చును.

ఉత్తర్వు చదివించుకుని పెంచలయ్య పెళ్ళాం వెంగమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఇన్నాళ్ళూ నిద్రమొగమోడా అని నేను తిడితే వద్దంటివి. ఇప్పుడు గవర్నమెంటే చెప్పె గదయ్యా, నీ పని నిద్రని."

"నవ్వబాకమే. కార్తీకానికి కొట్టు కప్పు ఏమైపోద్దో ఆలోచించు."

"నోరు తెరుచుకోను మర్చిపోబాక. రాసుండాదంట."

మేక సంగతి అంత తేలిగ్గా తేలలేదు. నల్లమేక కావాలని శాఖ ప్రకటన ఇచ్చింది. నాలుగు మండలాల మేకలు వచ్చాయి. ఒకదానికి చెవి మీద తెల్లమచ్చ ఉందని తిప్పి పంపారు. ఇంకొకదానికి మచ్చ లేదు గాని, మచ్చ ఉన్నచోట బొగ్గు పూసినట్టు నిపుణులు పట్టేశారు. చివరికి కాటుక రాశిలాంటి మేక ఒకటి దొరికింది. దాని మెళ్ళో 'రక్షిత అంశము, తాకరాదు' అని బిళ్ళ వేలాడగట్టారు. బిళ్ళకున్న తాడు మేక మొదటిరోజే నమిలేసింది. తర్వాత స్తంభానికి ఒళ్ళు రుద్దుకుంటూ కొమ్ములతో టేకుని గీకడం మొదలెట్టింది. చూడ్డానికి వచ్చిన బడిపంతులొకాయన అయ్యో అంటే, "మేకా జాబితాలో ఉంది, స్తంభమూ జాబితాలో ఉంది. రెండు రక్షిత అంశాల మధ్య శాఖ జోక్యం చేసుకోదండీ," అన్నాడు చిదంబరయ్య.

పెంచలయ్య బాధ వేరు. అరుగు మీద పడుకుంటే కప్పురపు కొట్టు గుమ్మం ఎదురుగా కనబడుతుంది. ఆశ్వయుజం మొదటి జల్లుకే చప్పుడు మొదలైంది. శాఖవాళ్ళు తెచ్చి పెట్టిన ఇత్తడి గంగాళంలో టప్. కాసేపాగి టప్. కళ్ళు మూసుకుంటే ఆ చుక్క దూలంలో ఎంత లోపలికి దిగుతోందో మనసులో కనబడేది. వాళ్ళ నాయన ఆ దూలాన్ని వేళ్ళతో తట్టి, "కంచు మాదిరి పలకతాదిరా, చూడు," అనేవాడు. ఇప్పుడు పలికేది కంచు గాదు, ఇత్తడి.

ఒక మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన అనంతపద్మనాభం గారు అరుగు ముందు నిలబడ్డారు. పెంచలయ్య కళ్ళు తెరిచే ఉన్నాడు.

"నిద్ర విధులలో మెలకువగా ఉంటివి."

"నిద్ర రాలేదు సార్. ఆ టప్పు టప్పు ఇంటావుంటే యాడొస్తది?"

"నీ తండ్రి అదే చప్పుడులో నిద్రించెను."

"ఆయన సగం పూత ఏసి పండుకున్నాడు సార్. లేస్తానే మిగిలింది ఎయ్యొచ్చని ధైర్యం. నాకేముండాది?"

ఆయన గడియారం చూసి ఫైల్లో టైము రాసుకున్నారు. మర్నాడు తాఖీదు ఇచ్చారు: ది. పదహారు మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములకు మెలకువగా ఉన్నందుకు సంజాయిషీ ఇవ్వవలెను. నోరు కూడా మూసియుండెను.

అంతటితో ఆగితే బాగుండేది. మధ్యలో పది రోజులు వాన పడలేదు. ఎండ కాసింది. గంగాళం చప్పుడు ఆగింది. పెంచలయ్యకి ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది, నోరు కూడా దానంతటదే తెరుచుకుంది. శాఖకి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై మూడో అంశం మళ్ళీ మాయమైంది కదా. ఇందుమూలముగా, వర్షాభావ దినములలో సదరు నెర్రె వద్ద పూటకు నాలుగు బిందెల చొప్పున నీరు పోయుటకు ఒక మనిషిని ఏర్పాటు చేయవలెను.

ఆ పనికి మనిషి దొరకలేదు. ఊళ్ళో ఎవరినడిగినా, "ఇల్లు కారకుండా చేసే పనుంటే చెప్పండి సార్, చేస్తాం. కారేట్టు చేసేది మాకు రాదు," అన్నారు. ఆఖరికి చిదంబరయ్య వెంగమ్మ దగ్గరికి వచ్చాడు.

"పొయ్యకపోతే మీ ఆయన ఉద్యోగానికి ఇబ్బందమ్మా. ముప్పై రెండూ ముప్పై మూడూ పక్కపక్క అంశాలు. ఒకటి లేకపోతే రెండోది ఎందుకని అడుగుతారు."

వెంగమ్మ బిందె ఎత్తుకుని మిద్దె ఎక్కింది. నెర్రె పక్కన నిలబడి, కిందినుంచి అధికారి చూస్తుండగా, బిందె బోర్లించింది. నీళ్ళన్నీ వాలున పోయి మొసలి నోట్లోంచి మండువాలో దూకాయి. కప్పురపు కొట్టులో చుక్క కారలేదు.

"నెర్రె మీద పోయవలెను!"

"పోస్తుండా గదా సార్. సెట్టి కట్టించిన వాలు అట్టా ఉండాది. నీళ్ళు మీ మాట ఇనకపోతే నేనేం చేసేది?"

దానికి మందు కనిపెట్టారు. నెర్రె చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి, నీళ్ళు అందులో నిలబెట్టమన్నారు. ఆరొందల ఏళ్ళ నుంచి ఒక చుక్క నిలవకుండా కట్టిన మిద్దె మీద మొదటిసారి నీళ్ళు నిలబడ్డాయి. టప్. టప్. టప్. ఆ పూట శాఖవాళ్ళు స్వీట్లు పంచారు. పెంచలయ్య తన లడ్డూ మేకకి పెట్టాడు.

కార్తీకంలో వాయుగుండం రానే వచ్చింది. మూడు రోజులు చాప పరుచుకు కూర్చుంది. మూడో రోజు పొద్దున పదకొండు గంటలకి పెంచలయ్య నిద్ర విధుల్లో ఉండగా పైన ఏదో మూలిగినట్టయింది. కళ్ళు మూసుకునే విన్నాడు. గంగాళం చప్పుడు ఆగిపోయి ఉంది. బొట్టు కాదు, ధార పడుతోంది. చటుక్కున లేచాడు. మూడో స్తంభం కొట్టుకి ఆనుకునే ఉంటుంది. మేక తాడు విప్పి లాక్కుని గుమ్మం దాటాడో లేదో, వెనక కప్పురపు కొట్టు కప్పు దూలంతో సహా కూర్చుండిపోయింది. తడి సున్నపు పొగ లేచింది. ఆ పొగలో ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మేడంతా కర్పూరం గుప్పుమంది. జలుబు చేసినవాడికి కూడా తెలిసేంత. ఆ తర్వాత వానలో కలిసిపోయింది.

వెంగమ్మ పరిగెత్తుకొచ్చేసరికి పెంచలయ్య గుమ్మంలో శాసనం పక్కన కూలబడి, మేకని పట్టుకుని ఏడుస్తున్నాడు.

మూడో నాడు తాఖీదు వచ్చింది. కప్పు కూలుచుండగా నిద్ర విధులను అనుమతి లేకుండా విడిచినందుకు, మరియు అంశము ముప్పది ఒకటిని స్థానభ్రంశము గావించినందుకు.

శాఖకి మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. ముప్పై మూడు ప్రకారం కప్పు నుంచి నీరు కారాలి. కప్పే లేదు. నీరు తిన్నగా పడుతోంది, కారడం లేదు. పడుటయు కారుటయు ఒకటేనా అని రాజధానికి రాశారు. ఒకటి కాదు, కావున పాత జాబితా చెల్లదు, కట్టడము ఇప్పుడున్న యథాస్థితిని అనుసరించి కొత్త జాబితా రాయవలెను అని జవాబొచ్చింది. తొమ్మిదో నియమం మామూలే. అక్కడికక్కడ రాయాలి, అక్కడికక్కడ ముద్ర వెయ్యాలి, అక్షరం కొట్టెయ్యకూడదు.

అనంతపద్మనాభం గారు ఉత్సాహంగా మేడంతా తిరిగారు. "శిథిలము కూడా చరిత్రయే. తూర్పు మిద్దె మీద రెండు నెర్రెలున్నవి, పడమట ఒకటి. అన్నియు జాబితాకెక్కును. ఇక వాటికి శాశ్వత రక్షణ."

పెంచలయ్య వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. ఒక నెర్రెకి ఒక గది పోయింది. ఇంకో మూడు నెర్రెలకి శాశ్వత రక్షణ అంటే రెండేళ్ళలో మిగిలేది గుమ్మమూ, దాని పక్కన రాయీ. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఒకే ముద్ద కలుపుతూ ఉండిపోయాడు.

వెంగమ్మ విసుక్కుంది. "అంతా మీ నాయన చేసిన పని. ఆ గుమస్తా వచ్చిన పూట ఒక్క గంట నిద్రపోకుండా మిద్దె మింద ఉండుంటే, మేస్త్రి ఒకడు అని రాసుండేవోడు. నువ్వు ఈ రోజు దర్జాగా పూత ఏసుకుంటా ఉండేవోడివి."

పెంచలయ్య ముద్ద కంచంలో వదిలేసి పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"ఏందయ్యా అట్టా చూస్తావు? కూర బాగలేదా?"

"గానుగ కాడ గచ్చు ఇంకా ఉందిమే?"

"గోనెపట్ట కప్పి పెట్టుండా. నీళ్ళు చిలకరిస్తానే ఉండా. ఎందుకో పారెయ్య బుద్ధి పుట్టలా."

కొత్త జాబితా రోజు సన్నగా తుంపర పడుతోంది. చిదంబరయ్య కొత్త పుస్తకం, ముద్ర, సిరాపెట్టె పట్టుకుని దక్షిణం నుంచి మొదలెట్టాడు. అనంతపద్మనాభం గారు బయట జీపు దగ్గర ఫోన్లో రాజధానికి శుభవార్త చెబుతున్నారు. స్తంభాలు లెక్క సరిపోయాయి. రాతి మొసళ్ళు మూడు, నాలుగోది రాళ్ళ కుప్ప కింద ఉన్నందున కనిపించలేదు, కనిపించనిది రాయలేదు. మూడో స్తంభానికి నల్లమేక ఒకటి, నెమరువేయుచున్నది.

అరుగు దగ్గరికి వచ్చి ఆగాడు. అరుగు ఖాళీ. మండువాలో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసా ఉడుకుతోంది. వెంగమ్మ కరక్కాయ నీళ్ళు కలియబెడుతోంది.

"ఇదేందమ్మా?"

"కనిపిస్తుంది గదయ్యా, రాసుకో."

చిదంబరయ్య తల పైకెత్తాడు. తూర్పు మిద్దె మీద పెంచలయ్య మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో గచ్చు రుద్దుతున్నాడు. రెండు నెర్రెల్లో ఒకటి అప్పటికే లేదు.

"పెంచలయ్యా, నువ్వు నిద్రపోవాలి గదా?"

"అది పాత జాబితా సార్. అది చెల్లదని మీరేగా చెప్పినారు. కొత్త జాబితాలో నేనేందో ఇంకా ఎవురూ రాయలా. కండ్లకి కనిపించింది రాయండి. మీ నాయన అట్టనే గదా రాసినాడు."

తండ్రి పేరు ఎత్తేసరికి చిదంబరయ్య ఒళ్ళు నిటారయింది. కళ్ళజోడు తుడుచుకుని, బల్లిలా తల తిప్పి చూసి, రాశాడు: అంశము ముప్పది ఆరు. మండువాలో కరక్కాయ నీరు ఉడికించుచున్న స్త్రీ ఒకతె. అంశము ముప్పది ఏడు. మిద్దెపై గచ్చుపూత వేయుచున్న మనిషి ఒకడు. నెర్రె కనిపించినచోట పూడ్చుచున్నాడు.

ఫోను ముగించుకుని అనంతపద్మనాభం గారు గొడుగేసుకుని మండువాలో అడుగు పెట్టారు. పైకి చూశారు. గొడుగు ఊగింది.

"దిగు! దిగు! అక్రమము! యథాస్థితి భంగము! దిగు!"

చిదంబరయ్య ఆయనకేసి చూశాడు. కిందినుంచి పైదాకా ఒకసారి, పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. కలం సిరాలో ముంచాడు.

"ఏమి రాయుచుంటివి?"

"కనిపించింది సార్. 'అంశము ముప్పది ఎనిమిది. మండువా నడుమ నల్ల గొడుగు కింద నిలబడి, దిగు దిగు అని అరచుచున్న అధికారి ఒకరు.'"

"కొట్టివెయ్యి!"

"కొట్టివేత నేరం సార్. తొమ్మిదో నియమం. శిక్షణలో మీరే చెప్పారు, నేను నోట్సు కూడా రాసుకున్నాను," అని, అక్కడికక్కడ ముద్ర ఠప్పున వేశాడు.

మిగిలిందంతా శాఖాపరంగానే జరిగింది. రాజధానివాళ్ళు జాబితాను ఆమోదించారు. ఇందుమూలముగా పెంచలయ్యను అంశము ముప్పది ఏడు కింద గచ్చుపూత విధులలో శాశ్వతముగా నియమించడమైనది, తాపీ దించరాదు అని ఉత్తర్వు వచ్చింది. వెంగమ్మకూ వచ్చింది, పొయ్యి ఆర్పరాదని. మూడో ఉత్తర్వు అనంతపద్మనాభం గారి పేరున వచ్చింది. పది నుండి ఐదు వరకు. గొడుగు శాఖ సరఫరా చేయును.

ఆ తర్వాత నెలకే ఆయనకి రాజధానికి ప్రమోషను వచ్చింది. పొంగిపోయి పెట్టె సర్దుకున్నారు. వెనకాలే ఇంకో కాగితం వచ్చింది: సదరు అధికారి రక్షిత అంశము అయినందున తరలింపు నిషిద్ధము, ప్రమోషను ఉపసంహరించడమైనది. ఆ కాగితం మీద ఇంకో సంయుక్త సంరక్షణాధికారి సంతకం ఉంది, కొత్తాయన.

మేడ ఇప్పుడు బాగుంది. కప్పురపు కొట్టు మాత్రం పోయింది. ఆ రాళ్ళ కుప్ప ముప్పై నాలుగో అంశం, ఎవరూ ముట్టుకోరు. వచ్చినవాళ్ళని గోడకి ముక్కు ఆనించి పీల్చమని పెంచలయ్య ఇప్పుడు చెప్పడు. అటు పక్క పూతకి పోయినప్పుడు మాత్రం కాసేపు తాపీ ఆపి కూర్చుంటాడు. ఆపినట్టు కింద ఎవరికీ చెప్పడు. మిగతా మూడు పక్కలా వెంట్రుకంత నెర్రె కూడా లేదు. మూడో పూత మీద నాలుగో పూత ఎక్కుతోంది.

మధ్యాహ్నాలు ముప్పై ఎనిమిదో అంశానికి కళ్ళు మూతలు పడతాయి. అరుగు ఖాళీగా చల్లగా ఉంటుంది. కాని నిద్ర కొత్త జాబితాలో లేదు. ఒకసారి జాలేసి పెంచలయ్య మిద్దె మీది నుంచి, "సార్, మా ఆడది మజ్జిగ చేసుండాది, తాగండి," అన్నాడు. ఆయన అటూ ఇటూ చూసి, నీరసంగా, "దిగు, దిగు," అన్నారు. విధి గదా.

"దిగను సార్," అన్నాడు పెంచలయ్య. "మీకు తెలుసు గదా."

మొన్న కార్తీకంలో మళ్ళీ వాయుగుండం పట్టింది. నెల్లూరు నించి వచ్చిన కుటుంబం ఒకటి వానకి మేడలో చిక్కుకుపోయింది. బయట లోకం తడిసి ముద్దవుతుంటే, మూడు రాతి మొసళ్ళూ మూడు ధారలు మండువాలోకి దూకుతున్నాయి. గదుల్లో చుక్క లేదు. స్తంభాలు పొడిగా ఉన్నాయి, మేక పొడిగా ఉంది. మిద్దె మీద గోనె కప్పుకుని పెంచలయ్య, చూరు కింద పొయ్యి దగ్గర వెంగమ్మ. తడిసేది ఒక్క మండువా నడుమే.

ఆ కుటుంబంలో పెద్దావిడ చాలాసేపు చూసి ఉండబట్టలేక అడిగింది. "ఎవరమ్మా ఆయన, పాపం గాలికి గొడుగు తిరగబడి తడిసిపోతా ఉండాడు. చెయ్యి పట్టుకోని లోపలికి తీసుకొస్తానుండండి."

వెంగమ్మ డేగిసాలో గరిటె ఆపకుండానే చెప్పింది.

"ముట్టుకోబాకండమ్మా. అది ముప్పై ఎనిమిదో నెంబరు."